అడుగు కదలాలి

తెనాలిలో రంగుల పని చేసే అన్నదమ్ములిద్దరు ఉండేవారు. ఒక ఎండాకాలం ఇద్దరికీ పక్కపక్క డాబాల మీద వాటర్‌ప్రూఫ్ కోటింగు వేసే పని కుదిరింది. 20 లీటర్ల బకెట్లు దిగాయి. నెలల తరబడి కొట్లో కదలకుండా ఉన్న సరుకది. మూత తీస్తే పైన పల్చటి నీరు, అడుగున గట్టిపడ్డ ముద్ద. కర్రతో కలపబోతే కర్రే వంగిపోయింది.

కలిపే మిషను కొనడానికి కొట్టుకు వెళ్లారు. "అన్నిటికన్నా వేగంగా తిరిగేది ఇవ్వండి" అన్నాడు తమ్ముడు. నిమిషానికి 2,800 చుట్లు తిరిగే చిన్న డ్రిల్లు, ఒక పొట్టి రాడ్డు చవగ్గా వచ్చాయి.

అన్న మాత్రం, "ఎంత నెమ్మదిగా తిరుగుతుంది? ముద్దలో దించితే ఆగిపోదు కదా?" అని అడిగాడు. 600 చుట్లు దాటని, రెండు చేతులతో పట్టుకునే బరువైన మిక్సరు ఎంచుకున్నాడు. బకెట్టు అడుగుదాకా అందే రాడ్డు తీసుకున్నాడు. దాని రెక్కలు సరుకును కింది నుంచి పైకి ఎత్తుతాయి. చివరన ఉన్న రింగు వల్ల బకెట్టు ప్లాస్టిక్కు గీరుకుపోదు.

"ఇంత డబ్బు పోసి నెమ్మదైనది కొంటావేంటన్నయ్యా?"

"అడుగున ఉన్నది సుద్దపొడిరా. సరుకులోని బంక కన్నా బరువు. దాన్ని లేపడానికి జోరు చాలదు, బలం కావాలి. గేర్లు వేగాన్ని తగ్గించినకొద్దీ తిప్పే బలం పెరుగుతుంది."

మర్నాడు తమ్ముడి బకెట్లో నురగ పొంగింది, చొక్కా నిండా చిందింది. పైన తెల్లబడగానే కలిసిందనుకుని పూయడం మొదలుపెట్టాడు. మూడో బకెట్టుకు డ్రిల్లు కాలిన వాసన కొట్టి ఆగిపోయింది. అన్న మాత్రం రెక్కలు పూర్తిగా మునిగాకే స్విచ్చి నొక్కాడు. అంచుల వెంట, అడుగు వెంట నిదానంగా తిప్పాడు. మధ్యలో ఆపి, చెక్కపట్టీతో అడుగు గీకి చూశాడు. సగం వేరే బకెట్లోకి వంచి, మళ్లీ కలిపాడు.

వానలు వచ్చాయి. తమ్ముడు వేసిన పూతలో బుడగలు పగిలిన చోటల్లా సూది రంధ్రాలు. బకెట్టు పైభాగం పూసిన చోట బంక ఎక్కువై దుమ్ము అంటుకుంది. అడుగుభాగం పూసిన చోట బంక చాలక నెర్రెలిచ్చింది. పని మళ్లీ చేయాల్సి వచ్చింది. సరుకుకూ కూలీకీ అయిన ఖర్చు అన్న మిక్సరు ధరను దాటిపోయింది. అన్న డాబా మీద చుక్క దిగలేదు.

నీతి: పైన కనిపించే హడావుడి పని కాదు, అడుగున ఉన్నది కదిలితేనే పని. పనిముట్టు కొనేటప్పుడు అది ఎంత జోరుగా తిరుగుతుందో కాదు, మీ సరుకు బరువును ఎంతసేపు మోయగలదో అడిగి కొనండి.