చర్నాకోల మన చేతికొస్తే



సంక్రాంతికి మన గోదావరి పల్లెల్లో ఎడ్లబండి పందేలు చూసొచ్చిన కుర్రాళ్ళకి చర్నాకోల ఛెళ్ళుమనిపించాలని సరదా పుడుతుంది. పేటలో పెద్దాళ్ళకి ఆ చప్పుడు వేరేగా వినిపిస్తుంది. కామందు చేతిలో అది ఎద్దు దగ్గరే ఆగేది కాదు, పాలేరు వీపు మీదికీ వచ్చేది. తోలు పదును చేసి పేనిన చేతులూ మనవే, దెబ్బ తిన్న వీపూ మనదే. మరి మన పిల్లవాడు దాన్ని పట్టుకోవచ్చా?

ముందు ఆ పనేమిటో చూడండి. తోలు తాడు పిడి దగ్గర లావు, కొసకి సన్నం. చెయ్యెత్తి ముందుకు విసిరితే తాడులో ఒక వంపు పుట్టి కొస దాకా పరుగెడుతుంది. సన్నబడే కొద్దీ వేగం పెరిగి, చివరికి ధ్వని వేగాన్నే, అంటే సెకనుకు సుమారు 340 మీటర్లను, దాటిపోతుంది. ఛెళ్ళుమనేది అప్పుడే. అది దేనికీ తగలక్కర్లేదు! కొత్తవాళ్ళు బలమంతా పెట్టి కొడతారు. దాంతో వంపు చెడి, కొస తిరిగొచ్చి సొంత చెవికే తగులుతుంది. ఖాళీ స్థలం, కళ్ళకి అద్దాలు, తలకి టోపీ, వదులుగా మణికట్టు, నిదానం. మొదటి పాఠం ఇంతే.

అంగుత్తర నికాయలో కేసి అనే గుర్రాల శిక్షకుడున్నాడు. కొన్నిటిని మెత్తగా, కొన్నిటిని కరుకుగా, కొన్నిటిని రెండు విధాలా దారికి తెస్తాననీ, లొంగనిదాన్ని చంపేస్తాననీ తథాగతుడితో అన్నాడు. నేనూ మనుషులకి అలాగే నేర్పుతానన్నాడు తథాగతుడు. కేసి తెల్లబోయాడు. కానీ ఆయన కరుకుదనమల్లా చెడు పనికి చెడు ఫలితముందని చెప్పడం. ఆయన చంపడమంటే, ఇక వీడికి చెప్పి లాభం లేదని మాట మానేయడం. ఎక్కడా కొరడా లేదు.

అలాగని ముట్టుకోవద్దంటామా? అహింస నియమం కాదు, సూత్రం అన్నారు బాబాసాహెబ్, 1957లో వెలువడిన ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’లో. నియమమైతే మనం ఆలోచించే పని లేదు. సూత్రం కాబట్టి ఆలోచించాలి. నేనైతే నేర్చుకోనివ్వమనే అంటాను, గాలి మీద. ఎద్దు పక్కన మాత్రం వద్దు. కొట్టడం లేదు, చప్పుడే కదా అంటారా? ఆ చప్పుడుకే ఎద్దు బెదిరి పరుగెత్తుతోందంటే ఎప్పుడో దెబ్బ తిని ఉండొచ్చు. పేటలో పెద్దాళ్ళు ఉలిక్కిపడేదీ అందుకే కదా.

అటక మీద పాత చర్నాకోల ఉంటే పిల్లవాడికి ఇవ్వండి. ఎవరు పేనారో, ఎవరి మీద పడిందో తాతమ్మల చేత చెప్పించండి. కొస చూసి మరీ ఇవ్వండి, ఎండిన తోలు తెగి కంట్లో పడుతుంది.