తెల్లకోటు ధర్మము

వేషము బాహ్యమనియు, బాహ్యమును బట్టి మనుష్యుని గణించుట అవివేకమనియు మన పెద్దలు పలుమారులు హెచ్చరించియున్నారు. దేహమునే జీర్ణవస్త్రమువలె విడిచిపోవు దేహికి, ఆ దేహముపై కప్పుకొను గుడ్డతో నేమి పని యని గీత చదివినవారికి తోచుట సహజము. పొట్టకూటికై ధరించు కాషాయములను గూర్చి శంకరుల పేర ప్రసిద్ధమైన భజగోవిందస్తోత్రము మొగమాటము లేక పలికినది. వేమన సంగతి చెప్పనే యక్కరలేదు. అట్లయినచో, నాలుగున్నర సంవత్సరములు వైద్యశాస్త్రము చదివి, ఏడాదిపాటు హౌస్ సర్జనుగా పనిచేయుటకై పెద్దాసుపత్రిలో అడుగుపెట్టు విద్యార్థి, ఉతికి ఇస్త్రీచేసిన తెల్లకోటును తొడుగుకొనుట దేనికి? ఇంకను పూర్తిగా పట్టువడని విద్యకు చిహ్నమును ముందుగనే ధరించుట అసత్యము కాదా? ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదని నా నమ్మకము.

ఉదయమున ఓ.పి. గదిలో జరుగుదానిని చూడుడు. తొలిబస్సులో పల్లెనుండి వచ్చి, చీటీని కొంగున ముడివేసికొని వరుసలో నిలిచిన వృద్ధురాలు, తన వంతు రాగానే ఎదుటివాని వయస్సును గాని పట్టాను గాని విచారింపదు. మెడలో స్టెతస్కోపు, జేబు అంచున సిరామరకతో నొక తెల్లకోటు కనిపించినంతనే, "డాక్టరు బాబూ" యని చేతులు జోడించి, కోడలితో సైతము చెప్పుకొనని బాధను ఆ యిరువదిమూడేండ్ల కుర్రవానితో చెప్పుకొనును. తరతరముల వైద్యులు సంపాదించిపెట్టిన విశ్వాసమది. వానికి అప్పుగా లభించినది.

వేషమునకును విశ్వాసమునకును గల ఈ సంబంధమును రామాయణముకంటె సూక్ష్మముగా పరిశీలించిన గ్రంథమును నేనెరుగను. అరణ్యకాండమున రావణుడు కాషాయము కట్టి, గొడుగును కమండలువును దాల్చి భిక్షువై రాగా, సీతాదేవి ఆ వేషమును మన్నించి అతిథిసత్కారము చేసినది. కిష్కింధాకాండమున హనుమంతుడును భిక్షురూపముననే రామలక్ష్మణుల యెదుటికి వచ్చినాడు. రెండును మారువేషములే, ఇరువురును భిక్షువులు కారు. అయినను, రావణుడు ఆ వస్త్రము కల్పించిన నమ్మికను నమ్మినయామెపైననే ప్రయోగించినాడు. హనుమంతుడో, ఎదుటివారు బదులు పలుకకమునుపే, తాను సుగ్రీవుడు పంపగా మారురూపమున వచ్చిన వానరుడనని తానే చెప్పుకొని, పిదప ఆ రూపమును విడిచి, వారిని వీపుపై నెక్కించుకొని కొండకు చేర్చినాడు. రాముడు సైతము వేషముతో తృప్తిపడక వాక్కును పరీక్షించి, వేదములను వ్యాకరణమును చదువనివాడు ఇట్లు మాటలాడజాలడని లక్ష్మణునితో ననినాడు. కావున వస్త్రమును చూచి నమ్మినవారికి మనమేమి చేయుదుమో దానినిబట్టియే సత్యాసత్యములు నిర్ణయింపవలెను.

చిహ్నము ముందు, విద్య వెనుక యను క్రమము మన సంప్రదాయమునకు క్రొత్త కాదు. ఉపనయనమున వటువునకు మేఖలను, అజినమును, దండమును ఇచ్చిన పిమ్మటనే వేదాధ్యయనము నారంభింతురు. బౌద్ధసంఘమున శ్రామణేరుడు శాస్త్రము నేర్వకమునుపే చీవరము ధరించును. ఆ వస్త్రము పాండిత్యమును చాటుట కొరకు కాదు, ఇకపై ఇచ్చవచ్చినట్లు మెలగనను దీక్షకు గుర్తు. దీక్షావస్త్రమునకు నియమములుండక తప్పదు. పందొమ్మిదవ శతాబ్దిలో పాశ్చాత్యవైద్యులు నల్లకోటులతోనే రోగులను ముట్టుచుండిరి. రోగమునకు క్రిములు కారణమని స్థిరపడిన పిదప, మురికి దాగజాలని తెలుపు వైద్యుని వర్ణమైనది. ఆ కోటుతోనే, అప్పుడే పుండు కడిగిన చేతులతోనే, ఆసుపత్రి గేటు ఎదుటి టీబడ్డీకి పోయి, మరల వార్డులోని పసిబిడ్డను ఎత్తుకొనువారిని చూచినపుడు నాకు కలుగు బాధ ఇంతంత కాదు. పూర్వము మడి పేర మనుష్యులను దూరముంచిన పాపము మనది. రోగమును దూరముంచుటకు కావలసిన మడి నేటికిని అలవడలేదు. బ్రిటనులో 2007లో ఆరోగ్యశాఖ, రోగులను తాకువేళ పొడుగుచేతుల కోటులును చేతిగడియారములును కూడవనియు, మోచేతి దిగువను ఏ ఆచ్ఛాదనయు నుండరాదనియు నిర్దేశించినది. రోగికి హాని యని తోచినపుడు కోటునే విడుచుట కూడ ఆ కోటు ధర్మమే.

కొందరు విద్యార్థులకు ఖరీదైన దుస్తులు లేవను దిగులు కలదు. 1921లో మదురలో కొల్లాయి కట్టిన గాంధీజీ, 1931లో లండనున చక్రవర్తి యెదుటికి సైతము దానితోనే పోయినారు. అదియు బట్ట కరవైనవారి నిమిత్తము పూనిన వ్రతమేకాని స్వేచ్ఛావిహారము కాదు. ఒక్కటే కోటున్న విద్యార్థి దానిని రాత్రి ఉతికి ఆరవేసికొని తెల్లవారి తొడిగినచో, రోగికి వానివలన లోపమేమియు లేదు.

ఇంటర్న్‌షిప్పునకు సిద్ధమగుచున్న విద్యార్థులారా, నా విన్నపము ఒక్కటి. కోటును ఆసుపత్రి గుమ్మము దాటి వెలుపలికి పోకమునుపే విప్పి మడిచిపెట్టుడు. ఎవరైనను చేతులు జోడించి "డాక్టరుగారూ" యని పిలిచినపుడు, మీకు తెలియని సంగతి యైనచో, "నేనింకను నేర్చుకొనుచున్నవాడను, పెద్ద డాక్టరుగారిని అడిగి వచ్చి చెప్పెదను" అని సంకోచింపక చెప్పుడు. అడిగి, మరల వచ్చి, తప్పక చెప్పుడు.