పసరు

సెలవులకి యూనివర్సిటీ నుంచి మా అక్క కూతురు వచ్చింది. హాస్టల్లో స్నేహితురాలికి పచ్చకామెర్లొస్తే, నలుగురూ కలిసి నేల ఉసిరి పసరు మజ్జిగలో తాగించారట.

"తగ్గిపోయింది పిన్నీ!" అంది గర్వంగా.

తగ్గకేం? పాడునీళ్ళవల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. పేరు మాత్రం పసరుకి! అలాగని ఆ మొక్కని తీసిపారెయ్యనూ లేము. 1988లో మద్రాసు పరిశోధకులు దాన్ని హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకిచ్చి, గుణం కనిపించిందని లాన్సెట్ పత్రికలో రాశారు. తరవాత ఇతరులు చేసిన పరీక్షల్లో ఆ మాట నిలవలేదు.

"మన పెరట్లో ఉంది, తీసుకురా చూద్దాం" అన్నాను.

బోటనీ చదివే పిల్ల గోడవారంతా తిరిగి ఏదో పీక్కొచ్చింది. రెమ్మ కింద వరసగా ఉండాల్సిన బుల్లికాయలు లేవు. మా అమ్మమ్మయితే చీకట్లో తడిమి చెప్పేది.

"మరి అక్కడెవరు గుర్తుపట్టారే?"

"అదేనని అందరం అనుకున్నాం పిన్నీ."

నా గుండె ఝల్లుమంది. ప్రేమతోనే పోశారు, కాదనను. కానీ తెలియనిదాన్ని తెలుసనుకుని ఇంకొకరి గొంతులో పోసే హక్కు ప్రేమకుందా? గట్టిగా అడగబోయి ఆగిపోయాను. కిందటేడు పక్కింటావిడ జ్వరానికి కషాయం కాచి పంపింది నేనే. అందులో ఏమేం వేశానో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తురావడం లేదు.