తూనికయు ధర్మమును

లోకమున మనుజుడు చేయు పనులలో పెక్కులు పలువురి చేతులమీదుగా నడచునవి. అట్టి పనివలన కీడు కలిగినపుడు ఆ కీడెవరిదో తేలదు. చేసినవాడు చేయించినవానిని చూపును; చేయించినవాడు అమ్మినవానిని చూపును; అమ్మినవాడు కొన్నవానిని చూపును. ఒక పనిని మొదటినుండి తుదివరకు ఒక్కడే చేసినయెడల మాత్ర మిట్లు తప్పించుకొనుటకు తావుండదు. కావున బాధ్యత యన నేమియో విచారింప దలచినవారు అట్టి యొంటిచేతి పనిని తీసికొని పరీక్షించుట మంచిది. మేమిచ్చట తీసికొన్న పని మన చదువరులకు కొంత వింతగా తోపవచ్చును. అమెరికాదేశపు వేటకాడు తన తుపాకికి వలయు తూటాలను ఇంట తానే కూర్చుకొని, వానితో పెద్దమృగములను వేటాడుటయే యా పని.

ఇది మనకేల యని కొంద రడుగవచ్చును. మేము వేటకాండ్రము కాము. మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ శాసనమును, దానికి 1991లో జరిగిన సవరణయు వినోదపు వేటను మాన్పినవి. కాని మన కుటుంబముల బిడ్డలనేకులు నేడు అమెరికాలో కాపురములు చేయుచున్నారు. అచ్చటి పొరుగువారిలో కొందరు శరత్కాలమున వేటకు పోవుదురు. తెచ్చిన జింకమాంసమును ఇరుగుపొరుగులకు పంచుదురు. "ఇంత మర్యాదగల మనుష్యుడు ఇట్టి పని యెట్లు చేయగలుగుచున్నాడు?" అను సందేహము మన యిండ్లలో పుట్టుట సహజము. జాగ్రత్తతో చేసిన హింసయు హింసయేనా? లేక యా జాగ్రత్తవలన దానికి కొంత ధర్మము సంక్రమించునా? ఇదియే మా ప్రశ్న.

మొదట నా యాయుధమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. 1873లో అమెరికా సైన్యము '45-70' అను తూటాను స్వీకరించెను. దాని కొలతలు ఆ పేరులోనే యున్నవి. మొదటి యంకె గుండుయొక్క అడ్డుకొలత, అనగా అంగుళమున నూటికి 45 పాళ్లు. రెండవది అందు నింపు పాతకాలపు పొగమందు బరువు, అనగా 70 గ్రెయినులు. గ్రెయినన్నది మిక్కిలి చిన్న తూనిక. పదునైదింటికి కొంచెము పైగా చేరిననే గాని యొక గ్రాము కాదు. గుండు మాత్రము 405 గ్రెయినుల సీసపుముద్ద. కొన్నియేండ్లకు సైన్యము దీనిని విడిచి వేఱొకదానిని గైకొన్నను వేటకాండ్రు విడువలేదు. జాన్ బ్రౌనింగు రూపకల్పనపై వించెస్టరు కంపెనీవారు 1886లోను, మార్లిన్ కంపెనీవారు 1895లోను వెలువరించిన లీవరు తుపాకులు ఈ తూటాకు అడవిలో స్థిరమైన చోటిచ్చినవి. ట్రిగ్గరు చుట్టునున్న లీవరును క్రిందికి త్రోసి మరల పైకి లాగినంతనే కాలిన గుల్ల బయటపడి క్రొత్త తూటా లోనికి పోవును. దట్టమైన పొదలలో దగ్గఱనుండి ఎలుగును, అడవిపందిని, ఎల్క్ అను పెద్దజింకను కొట్టుటకు ఇది పేరుపొందినది. మన దేశమున వన్యప్రాణి శాసనము పుట్టిన 1972లోనే మార్లిన్ కంపెనీవారు అచ్చట నీ తూటాకై 1895 అను పాతపేరుతోనే మఱల క్రొత్త తుపాకిని చేయుట కారంభించిరి. ఒకే మృగమును గూర్చి రెండు జాతులు రెండుదారుల నాలోచించెను. రెండింటికిని ఆలోచన మాత్రము తప్పలేదు.

తూటాలు అంగడిలో దొరకును. అయినను వ్యయము తగ్గుననియు, తన తుపాకికి ఒదుగు తూటా తన చేతనే కావలెననియు తలచి, పలువురు వానిని స్వయముగా కూర్చుకొందురు. పేలిన తూటాలో గుండును మందును పోవును గాని ఇత్తడి గుల్ల మిగులును. వేటకాడు దానిని పాఱవేయక యింటికి తెచ్చి, చీలికలున్నవేమో యని దీపమున కెదురుగా పెట్టి చూచును. తరువాత దాని నుక్కు అచ్చులో నదిమి, పేలుడువలన ఉబ్బినదానిని పూర్వపు కొలతకు తెచ్చును. అడుగున నున్న పాత ప్రైమరును, అనగా నిప్పు పుట్టించు చిన్న లోహపుటోపిని, ఊడబొడిచి క్రొత్తదానిని పొదుగును. మందును గ్రెయినులో పదియవవంతు వఱకు త్రాసులో తూచి పోయును. తుదకు గుండును కూర్చోబెట్టి గుల్లయంచును దానిమీది గాడిలోనికి నొక్కి బిగించును.

ఈ బిగింపు అలంకారమునకు గాదు. లీవరు తుపాకిలో తూటాలు నిప్పుగొట్టము క్రింద మఱియొక గొట్టములో నొకదాని వెనుక నొకటి వరుసగా నుండును. తుపాకి పేలి వెనుకకు తన్నినపుడు ఆ వరుస యంతయు కుదుపునకు లోనగును. బిగింపు చాలనిచో గుండు గుల్లలోనికి క్రుంగును. గుండు ముక్కు చదునైనదిగానో, మెత్తని కొన గలదిగానో యుండవలెననుటకును ఈ వరుసయే కారణము. గట్టి వాడిముక్కు గుండైనచో అది ముందున్న తూటా ప్రైమరును పొడిచి, కాల్చువాని చేతిలోనే దానిని పేల్చవచ్చును.

అన్నిటికన్న పెద్ద ప్రమాదము మందు పోయుటలో నున్నది. ఆ గుల్ల 70 గ్రెయినుల పొగమందు పట్టునట్లు చేయబడినది. నేటి పొగలేని మందులలో కొన్ని అందులో సగముకన్న తక్కువ చోటుననే యిముడును. కావున ఏమఱుపాటున ఒకే గుల్లలో రెండుమార్లు పోసినను అది పొంగి పొరలదు. పైకేమియు తెలియదు, కాల్చినపుడు తుపాకి బ్రద్దలగును. అందుచేత బుద్ధిమంతుడు గుల్లల నన్నిటిని చెక్కపలకలో వరుసగా నిలిపి, గుండ్లు పెట్టకముందు ఒక్కొక్కదానిలోనికి దీపముతో చూచును. బల్లమీద ఒక్క మందుడబ్బాకన్న నెక్కువ యుంచడు.

మఱియు తూటా యొకటే యైనను దానిని కాల్చు తుపాకులు మూడు తరగతులుగా నున్నవి. 1873 నాటి స్ప్రింగుఫీల్డు సైనికతుపాకి బలము తక్కువది. మార్లిన్ వంటి లీవరు తుపాకులు నడిమివి. రూగర్ కంపెనీవారి ఒంటితూటా తుపాకి మిక్కిలి దృఢమైనది. కావుననే తూటాల గ్రంథములు మందు కొలతలను మూడు వేఱువేఱు పట్టికలుగా నిచ్చుచున్నవి. దృఢమైనదానికై కూర్చిన తూటా పాతదానిలో చక్కగా దూరును; దూరును గాని దానిని చీల్చివేయవచ్చును. పట్టినదెల్ల తగినది కాదని ఇత్తడిముక్క యిట్లు బోధించుచున్నది. ఆ గ్రంథములు మఱియొక నియమమునుగూడ చెప్పును: కనిష్ఠపు కొలతతో నారంభించి కొంచెము కొంచెముగా పెంచుచు, గుండ్లన్నియు ఒక్కచోటనే పడుచున్న కొలతవద్ద నిలువవలెను. గరిష్ఠమనునది సరిహద్దే కాని గమ్యము కాదు. కోపమందును ధనమందును అధికారమందును ఈ భేదము నెఱుగనివా రెందఱో కలరు.

ఇంతవఱకు పని యింటిలోనిది. అడవికి పోయినమీదట అసలు పరీక్ష వచ్చును. ఆ బరువైన పాతగుండు సెకండునకు సుమారు 1,300 అడుగుల వేగముతో పోవును. నేటి తూటాలతో పోల్చినచో ఇది మందగమనము. నూఱు గజములవద్ద గుఱికి సరిపెట్టిన గుండు ఇన్నూఱు గజములవద్ద సుమారు రెండడుగులు క్రిందికి దిగిపోవును. అనగా దూరమును కంటితో తప్పుగా లెక్కించినచో, గుండెకు తగిలి మృగమును క్షణములో నేలగూల్చవలసిన దెబ్బ కాలికో కడుపునకో తగులును. ఆ ప్రాణి పొదలలోబడి గంటలతరబడి యాతనపడి చచ్చును. తూటా తానే కూర్చుకొన్నవాడు ఇచ్చట ఎవరిని నిందింపగలడు? మందు తూచినది వాడు. గుండు నెన్నుకొన్నది వాడు. దూరము నెంచినది వాడు. కావున వాని యోగ్యత కాల్చిన దెబ్బలలోకన్న కాల్పక విడిచిన దెబ్బలలో నెక్కువగా తెలియును. రామాయణమున దశరథుడు శబ్దవేధియను విద్య తనకు కలదని చీకటిలో కంటికి కానరాని దానిపై బాణము విడిచెను. విద్యలో లోపము లేదు, బాణము గుఱితప్పలేదు. అయినను ఒక ముని కుమారుడు మరణించెను, ఇద్దఱు వృద్ధులు దిక్కులేనివారైరి.

1902లో అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్టు మిసిసిపీ రాష్ట్రమున ఎలుగువేటకు పోయెను. ఆయన లీవరు తుపాకులను మిక్కిలి యిష్టపడినవాడు. తోడివారొక యెలుగును కుక్కలతో తరిమి పట్టి చెట్టునకు కట్టి, కాల్చుడని ఆయనను పిలిచిరి. కట్టిన ప్రాణిని కాల్చుట వేట కాదని ఆయన నిరాకరించెను. ఈ కథ వ్యంగ్యచిత్రమై, పిల్లల యెలుగుబొమ్మయై లోకమంతట వ్యాపించినది. కాని కథలో నింకొక భాగము కలదు. ఆ యెలుగు అప్పటికే తీవ్రముగా గాయపడియుండుటచే దాని బాధను ముగింపుడని ఆయనయే యాజ్ఞాపించెను. పేరు వచ్చునది మొదటి పనివలన. కష్టమైనది రెండవ పని. తన వినోదమునకై చంపనని చెప్పుట తోడనే బాధ్యత తీరదని ఆయన యెఱుగును.

ఇచ్చట వేటకాని పక్షమున మేము చాల దూరము వాదించితిమని చదువరు లనుకొనవచ్చును. కాని జాగ్రత్తయే ధర్మమనుట మా మతము కాదు. అమెరికా చరిత్రయే దానికి విరుద్ధముగా సాక్ష్యమిచ్చుచున్నది. 1870 మొదలు 1885 వఱకు గల కాలములో అచ్చటి మైదానములందు చర్మములకై అడవిదున్నలను వేటాడినవారు అసమాన నిపుణులు. వారును మందును సీసమును రాశిగా కొని, గుడారములలోనే తూటాలు కూర్చుకొనిరి. దూరమును గాలిని చక్కగా లెక్కించిరి. వారి దెబ్బలు వృథాపోవుట యరుదు. కోట్లకొలది యుండిన యా మృగములలో 1889 నాటికి మిగిలినవి 1,100 కన్న తక్కువ యని విలియం హార్నడే తన నివేదికలో లెక్కించెను. చర్మ మొలిచి మాంసమును మైదానమున క్రుళ్లవిడిచిరి. ఆ మృగముల నాధారముగా చేసికొని జీవించిన ఆదిమజాతులు ఆకలిపాలైనవి. వారు మందును తూచిరి, కోరికను తూచలేదు. నేర్పు లేని హింస క్రూరమైనది. మితము లేని నేర్పు అంతకన్న ఘోరమైనది.

ఆ గుణపాఠమును అచ్చటివారే నేర్చిరి. 1887లో రూజ్‌వెల్టును ఆయన మిత్రులును బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బును స్థాపించి, మృగమునకు తప్పించుకొను నవకాశ మీయవలెనను నియమమును ప్రచారము చేసిరి. 1937 నాటి శాసనముచే తుపాకులపైనను తూటాలపైనను వచ్చు సుంకమును వన్యమృగముల పోషణకు వినియోగించుచున్నారు. అంతటితో లెక్క ముగియలేదు. వేటకాడు అడవిలో విడిచిన ప్రేవులలో సీసపు తునుక లుండును. వానిని తిని కాలిఫోర్నియా కాండర్ అను మహాగృధ్రములు విషముచే చచ్చుచుండెను. 1987లో ఆ జాతిలో మిగిలినవి 27 మాత్రమే. అన్నిటిని పట్టి సంరక్షణలో నుంచి పెంచవలసివచ్చెను. తరువాత కాలిఫోర్నియా రాష్ట్రము 2019 జూలై 1 మొదలు వేటలో సీసపు గుండ్ల నన్నిటిని నిషేధించెను. గుండును స్వయముగా నెన్నుకొనువాడు సీసమునకు మాఱుగా రాగిని ఎన్నుకొనగలడు. తాను గుఱిపెట్టని పక్షియొక్క చావునుగూడ తన త్రాసులో వేసికొనవలసిన కాలము వచ్చినదని దీని యర్థము.

"ఎన్ని చెప్పినను చంపుట చంపుటయే" అని అహింసావ్రతు లందురు. ఆ మాటను మేము కాదనము. మనువు వేటను కామమువలన పుట్టు వ్యసనములలో చేర్చెను. కౌటిల్యుడు దానియందు వ్యాయామాది గుణములను చూచెను. కావున మనవారిలోను ఈ వివాదము పాతదే. కాని యిచ్చట రెండు ప్రశ్న లున్నవి: చంపవచ్చునా యనునది మొదటిది, చంపువా డెట్లు నడువవలెననునది రెండవది. మొదటిదానికి 'కూడ'దని యుత్తర మిచ్చువాడు ధన్యుడు. 'అవు'నని యుత్తర మిచ్చినవాడు రెండవదానినుండి విముక్తుడు కాడు. అంగడిలో మాంసమును పొట్లముగా కొని తెచ్చువాడు మొదటి ప్రశ్నకు 'అవు'నని చెప్పి, రెండవ ప్రశ్న తనది కాదనుకొనుచున్నాడు. వాని చేతులకు నెత్తు రంటలేదు. అంతమాత్రమున వాడు వేటకానికన్న శుచి యగునా? తాను చూడని బాధను తాను చేయని బాధగా నెంచుట మనలో పెక్కుర కలవాటు. పట్టుచీర కట్టినవారును, చెప్పులు తొడిగినవారును ఈ మాటను ఒక్కసారి తలపోయవలెను.

కావున మా యభిప్రాయ మిది. జాగ్రత్త హింసను పుణ్యముగా మార్పదు. అది చేయువానిని దాని యెదుట నిలువబెట్టును; ఇంకొకరిమీదికి నెట్టివేయకుండ ఆపును. అట్లు నిలిచినవానికి మాత్రమే 'ఇక చాలు' అనుటకు వీలగును. ఆ 'చాలు' అను మాట యెన్నడును నోట రానివాడు ఎంత చక్కగా తూచినను దున్నల చర్మములను మూటగట్టినవాని వారసుడే. ఆ పొరుగువాని యింటినుండి మాంసము వచ్చినపుడు మనవారు దానిని పుచ్చుకొందురో, వినయముతో వలదందురో అది వారి వారి యాచారము. కాని వానిని క్రూరుడని తేల్చుటకు ముందు రెండు ప్రశ్న లడుగవచ్చును: ఈ యేడు నీవు కాల్పక విడిచినవెన్ని? ఎచ్చట నిలిచితివి?

మన యిండ్లలో తుపాకులు లేవు. కాని తల్లిదండ్రుల మాటకును, ఉపాధ్యాయుని మందలింపునకును, అత్తగారి యధికారమునకును, యజమానుని యాజ్ఞకును తగిలి గాయపడు ప్రాణులున్నవి. నోట పట్టిన మాట యెల్ల అనదగినది కాదు. గాయపఱచిన పిదప "ఇతరులు పురికొల్పిరి" అని చెప్పుకొనుట మనకెల్లరకు సులభము. తన తూటా తానే కూర్చుకొన్న వేటకానికి ఆ సౌకర్యము లేదు. మనకును లేదని యెంచుకొని నడచుకొందుము గాక.