పావురం ఎందుకు బెదరలేదు?

వినుకొండ నుంచి హజ్, ఉమ్రాలకు వెళ్ళివచ్చిన వారి మాటల్లో మక్కా పావురాల ప్రస్తావన తరచూ వస్తుంది. అవి జనం కాళ్ళ దగ్గరే గింజలు ఏరుకుంటాయి. మన ఊళ్ళో పిట్ట మాత్రం మన అలికిడికే తుర్రుమంటుంది. ఈ తేడా పక్షిలో ఉందా, మనిషిలో ఉందా?

1835లో చార్లెస్ డార్విన్ గలపాగోస్ దీవులకు వెళ్ళినప్పుడు అక్కడి పక్షులు కూడా బెదరలేదు. కారణం, వాటికి మనిషి సంగతి తెలియదు. మక్కా పావురాలకు మనిషి బాగా తెలుసు. తెలిసీ భయపడవు. హరమ్ హద్దుల్లో వేట నిషిద్ధం. క్రీ.శ. 630లో మక్కా విజయం సందర్భంగా దైవప్రవక్త (స) అక్కడి వేటజంతువులను తరమడం కూడా కూడదని ప్రకటించారు. ఆ పావురాల ధీమా, ఆ ఆజ్ఞను పాటించిన తరతరాల మనుషులకు సాక్ష్యం.

‘అది హరమ్‌కే కదా, బయట వేట ధర్మసమ్మతమే కదా’ అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఆహారం కోసం వేటాడే అనుమతి ఉంది. సరదా కోసం ప్రాణం తీసే అనుమతి ఎక్కడా లేదు. ఒక ప్రయాణంలో సహచరులు పక్షి పిల్లలను పట్టుకున్నారు. తల్లి పక్షి తల్లడిల్లింది. పిల్లలను దానికి తిరిగి ఇచ్చేయమని దైవప్రవక్త (స) ఆదేశించారని అబూదావూద్ హదీసు తెలుపుతోంది.

ఇహ్రామ్ వస్త్రాలతో పాటు ఆ దయను కూడా విప్పేసి వస్తే మన యాత్ర మనకు నేర్పిందేమిటి? మక్కాలో పావురానికి దారి ఇచ్చిన మనం, మన వీధిలో పిట్టకు ఉండేలు గురిపెట్టిన పిల్లవాణ్ణి చూసి ఊరుకోకూడదు. దగ్గరికి పిలిచి, ప్రేమగా ఆపాలి.