రోగిని లెక్కించుట ప్రేమయగునా?

(ధ్యానమునకు: నిర్గమ. 6:9, 2 సమూ. 24; లూకా 10:30-35; 15:3-6)



మన సంఘములలో ఆరాధనకు వచ్చి వెనుక గోడకు ఆనుకొని కూర్చుండు అవ్వ ఒకతె ఏ ఊరనైనను ఉండును. పాట మొదటి చరణము అందరితో కలిసి పాడును. రెండవ చరణమునకు ఆమెకు దమ్ము చాలదు. "ఏమవ్వా, ఎట్లుండావు?" అని అడిగినయెడల, "ఏముంది నాయనా, ఆయాసము. ముసలితనము గదా" అనును. అది ముసలితనము మాత్రమే కాదు. నలువది యేండ్లు కంపకట్టెల పొయ్యి యెదుట కూర్చుండి, ఊదుగొట్టముతో ఊది ఊది, ఆమె మ్రింగిన పొగయు అందులో నున్నది. చుట్టగాని బీడీగాని ఎన్నడును ముట్టని స్త్రీలకు కూడ ఊపిరితిత్తులలోని గాలిగొట్టములు ఈలాగున ఇరుకై పోవునని వైద్యులు చెప్పుచున్నారు. మన దేశములో ఈ దీర్ఘకాలపు ఊపిరితిత్తుల అడ్డంకి జబ్బు గలవారు 1990లో సుమారు 2 కోట్ల 81 లక్షలమంది యుండగా, 2016 నాటికి 5 కోట్ల 53 లక్షలమందియైరని లెక్క తేలినది.

శ్రీకాళహస్తి గాలికి పేరుగన్న ఊరు. పంచభూతములలో వాయువునకు చెందిన క్షేత్రమది యని మన హిందూ సహోదరులు యెంచుదురు. అదే ఊరిలో కలంకారీ పనివారు కట్టెల మంటమీద రంగుల కాగులు కాచి, గుడ్డలను స్వర్ణముఖి నీటిలో ఉతికి, తరతరములుగా జీవించిరి. గాలి, పొగ, ఊపిరి ఈ మూడును అక్కడ ఒక్క వీధిలోనే కలియుచున్నవి. హెబ్రీ భాషలోనైతే గాలికిని ఊపిరికిని ఆత్మకును ఒకటే మాట. ఐగుప్తులో ఇటుకలు చేయుచుండిన జనులు మోషే తెచ్చిన శుభవార్తను ఎందుకు వినలేకపోయిరో చెప్పుచోట నిర్గమకాండము ఆ మాటనే వాడినది. అక్షరార్థముగా చూచినయెడల, వారి ఊపిరి పొట్టిదై పోయినది. మన తెలుగులో అది మనస్సును గూర్చిన మాటగా వచ్చినది, అదియు సరియే. అయినను రొప్పుచున్న మనుష్యుడు ప్రసంగము వినలేడని, ఎగశ్వాసతో నున్నవాని ప్రక్కన ఒక రాత్రి కూర్చున్నవారికి ఎరుకే.

ఇక ప్రశ్నకు వత్తము. ఇట్టి రోగులకు సేవచేయు నర్సులలో కొందరు సేవతోనే ఆగక పరిశోధన చేయుదురు. ఎవరు ఎన్ని గజములు నడచిరి, ఎన్ని మాత్రలు మ్రింగిరి, నిమిషమునకు ఎన్నిసార్లు ఊపిరి తీసిరి అని లెక్కించి వ్రాసికొందురు. మనలో కొందరికి ఇది నచ్చదు. "కనికరముగలవాడు లెక్కలు చూచునా? రోగి యొక అంకె యగునా?" అని అడుగుదురు. దావీదు జనమును లెక్కించుట పాపమై తెగులు వచ్చెను గదా అని ఒక పెద్దాయన నాతో వాదించెను. ఆయన మాటను త్రోసివేయుటకు నాకు మనసొప్పలేదు.

మనకు దగ్గరనే జరిగిన సంగతి యొకటి చెప్పెదను. నాటి చిత్తూరు జిల్లాలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరమని ఒక స్థలమున్నది. క్షయరోగుల కొరకు అనేక మిషనులు కలిసి అక్కడ ఒక శానిటోరియమును నెలకొల్పినవి. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రీమాట్ మోలరుగారు దానిని కట్టి నడిపించిరి. 1915 నుండి రోగులు అక్కడ ఉండసాగిరి. ఆ దినములలో క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, వీటినే వైద్యమని యెంచిరి. మంచము దొరికినవాడు భాగ్యవంతుడు. దొరకనివారు లెక్కకు మించి యుండిరి.

1940లనుండి మందులు రాసాగెను. అప్పుడు ఈ ప్రశ్న పుట్టెను: మందు ఇంటియొద్దనే ఇచ్చిన చాలదా? 1956లో మద్రాసులో క్షయ మందుల పరిశోధనకేంద్రము స్థాపింపబడెను. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి కలిసి దానిని నడిపించినవి. డాక్టరు వాలేస్ ఫాక్స్‌గారు ముందుండిరి. పట్టణములోని బీదరోగులను తీసికొని, చీట్లు వేసినట్లుగా సగముమందిని శానిటోరియమునకును సగముమందిని వారి యిండ్లకును పంపిరి. ఇరువురికిని ఒకే మందులు, ఒక సంవత్సరము. నర్సులు ఇరుకు సందులలోని గుడిసెలకు వెళ్లి, చెప్పకయే వచ్చి, డబ్బాలో మిగిలిన మాత్రలు లెక్కించిరి. మాత్ర మ్రింగినదీ లేనిదీ తెలియుటకు మూత్రపరీక్షయు చేసిరి.

1959లో ఫలితము వెలువడెను. శానిటోరియములో నూటికి 92 మందికిని, ఇంటియొద్ద నూటికి 86 మందికిని రోగము అణగెను. అది పెద్ద భేదము కాదనిరి. ఇంటియొద్దనున్నవారు చాలీచాలని తిండి తినిరి, పనులును చేసికొనిరి. అయినను బాగుపడిరి. ఇంటిలోనివారికి అందువలన రోగము అధికముగా అంటుకొనలేదనియు తేలెను. ఆ యొక్క లెక్కవలన లోకమంతట క్షయవైద్యము మంచమును విడిచి ఇంటి గడపకు వచ్చెను.

ఇందులో నన్ను కలవరపెట్టు సంగతులున్నవి. జబ్బుపడిన మనుష్యుని యెదుట చీట్లు వేయవచ్చునా? ఏది మేలో నిజముగా ఎవరికిని తెలియనప్పుడు చీటి వేయుట అన్యాయము కాదు. తెలిసియు వేసినయెడల అది పాపమే. నాడు ఎవరికిని తెలియదు. ఈ జవాబు సరియైనదని ఒప్పుకొందును గాని, చీటిలో ఇల్లు వచ్చి మంచము పోగొట్టుకొనిన మనుష్యుని ముఖము నాకు ఇంకను కనబడుచునే యున్నది.

రెండవది, చెప్పకయే వచ్చి మాత్రలు లెక్కించుట. "మ్రింగితినమ్మా" అని రోగి చెప్పగా నమ్మక డబ్బా తెరచుట ప్రేమయా, అనుమానమా? ఇక్కడ ఆ పెద్దాయన దావీదు సంగతి నాకు మేలుచేసినది. దావీదు లెక్కింపజేసినది కత్తి దూయగలవారిని. తన బలమెంతో చూచుకొనుటకు. నూరు గొఱ్ఱెల కాపరియు లెక్కించినవాడే. లెక్కించకుండ తొంబదితొమ్మిదే యున్నవని అతనికి ఎట్లు తెలిసెను? మాత్రలు మిగిలినవని తెలిసిన నర్సు ఆ గుడిసెకు మరల పోవలసియుండెను. కడుపులో మంటయా? భర్త వద్దనెనా? కూలికి పోయి మరచెనా? అంకె తెలియని యెడల అడుగుటయే లేదు. అయితే ఈ లెక్క కోపముతో చేయబడినయెడల రోగి మాత్రలను దిబ్బలో పారవేసి ఖాళీ డబ్బా చూపించును. కాబట్టి డబ్బా తెరచు చేతిలో గద్దింపు ఉండరాదు.

మూడవదే అన్నిటికంటె కష్టము. కానుకలు కూర్చి, ప్రార్థించి, ప్రేమతో మంచములు వేసి సేవచేసినవారికి, "ఈ రోగులలో అనేకులకు ఈ మంచము అవసరము లేదు" అని ఒక లెక్క చెప్పినది. ఆ లెక్క చూచి సంతోషించుటకు ఎంత ప్రేమ కావలెను! తన సేవ అవసరము లేకుండ పోయినందుకు స్తోత్రము చెప్పగల సేవకులు మన కమిటీలలో ఎందరున్నారో నేను చెప్పను.

క్షయ మందుతో పోవును. మన అవ్వ జబ్బు పోదు. క్షయ నయమైనవారిలో సహితము కొందరికి మచ్చపడిన ఊపిరితిత్తులతో ఆయాసము మిగిలిపోవును. బాగుచేయలేని చోట నర్సునకు ఏమి పని? ఈ ప్రశ్ననే ఒక నర్సు తన జీవితపు పనిగా పెట్టుకొనెను. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు నర్సింగు ఉపాధ్యాయినియైన వర్జీనియా కారియేరి కోల్మనుగారు ఆయాసమును గూర్చియే పరిశోధించిరి. ఊపిరి ఎంత అందుటలేదు అనుట ఒకటి, దానివలన కలుగు భయము వేరొకటి అని ఆమెయు ఆమె తోడివారును రెంటిని వేరువేరుగా కొలిచిరి. 1996లో వారు ప్రచురించిన పరిశోధనలో ఇట్టి రోగులను రెండు గుంపులు చేసి, కదిలెడు పట్టామీద నడిపించిరి. ఒక గుంపునకు నర్సు ప్రక్కన నిలిచి, ఊపిరి ఎట్లు తీయవలెనో, భయమును ఎట్లు అణచుకొనవలెనో నేర్పించెను. రెండవ గుంపుయొద్ద నర్సు ఊరక గమనించుచు నిలిచెను. నేర్పినవారికే అధిక మేలు కలుగునని మనమనుకొందుము. ఇరువురికిని ఆయాసమును భయమును తగ్గెను. ఒకరికంటె ఒకరికి ఎక్కువని తేలలేదు. నడకయు, ప్రక్కన గమనించు మనిషియు ఉండిన చాలునేమో అని వారు వ్రాసిరి. బోధించుటయే సేవయని యనుకొను మనవంటివారికి ఈ మాట కొంచెము గట్టిగా తగులును.

మంచి సమరయుడు గాయములు కట్టి, పూటకూళ్ళవానికి రెండు దేనారములిచ్చి, తిరిగి వచ్చెదనని చెప్పి పోయెను. అతడు తిరిగి వచ్చెనో లేదో ఆ ఉపమానము చెప్పదు. ప్రసంగములలో మనము నూనెను ద్రాక్షారసమును గూర్చి చెప్పుదుము గాని, ఆ తిరిగి వచ్చుటను గూర్చి అంతగా చెప్పము. దీర్ఘరోగము విషయములోనైతే తిరిగి వచ్చుటయే ముఖ్యమైన పని.

పీల్చెడు మందు డబ్బా ఇచ్చినను, దానిని నొక్కుటయు ఊపిరి లోపలికి తీయుటయు ఒక్క క్షణమందు జరుగకున్న మందు నోటిలోనే ఆగిపోవును. అవ్వకు అది ఒక్కసారి చూపించిన రాదు. మధ్యలో గొట్టమువంటి దొకటి పెట్టుకొనిన సులువగును. దానిని కొనలేనివారికొరకు దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో డాక్టరు హెదర్ జార్‌గారును తోడివారును అర లీటరు ప్లాస్టికు సీసాతో ఉబ్బసముగల పిల్లలకు మందు పీల్పించి పరీక్షించిరి. సీసా అడుగున మందు డబ్బా మూతి పట్టునంత రంధ్రము చేసి, సందు లేకుండ బిగించినయెడల, అది కొన్న గొట్టమువలెనే పనిచేసెనని 1999లో తెలిపిరి. మన ఊరి నర్సమ్మను అడిగి చేయించుకొనవచ్చును.

మన అవ్వ ఇంటినుండి దేవాలయమువరకు నడుచునప్పుడు ఎన్ని చోట్ల ఆగునో ఈ ఆదివారము ఎవరైనను ఆమె వెంట నడిచి చూడుడి. వేపచెట్టు క్రింద ఒకసారి, బోరింగుయొద్ద ఒకసారి, మెట్లయొద్ద ఒకసారి. చీటీమీద వ్రాసి, పెదవులు సన్నగా చేసి మెల్లగా ఊపిరి విడుచుట ఆమెకు నేర్పి, వచ్చే నెల మరల ఆమె వెంట నడిచి లెక్కించుడి.