రెండు చీటీలు

మలేషియాలోని పెరాక్ రాష్ట్రంలో, సముద్రానికి దగ్గరగా ఉండే బాగాన్ దాతో ప్రాంతంలో ఒక కొబ్బరి తోట. పనివాళ్ళలో చాలామంది విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి, కూలీలను కూడగట్టే కంగాణీల వెంట ఓడెక్కి వచ్చినవాళ్ళే. తోట ఆఫీసులో ఇద్దరు అన్నదమ్ములు కిరాణీలు. అప్పట్లో మలయా అనే ఆ దేశపు తోటల్లో గుమాస్తాను అలాగే పిలిచేవారు.

అన్నకు ఇంగ్లీషు వ్యాకరణం కంఠోపాఠం. పన్నెండు టెన్సుల పట్టిక బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నాడు. ఏ క్రియ అడిగినా మూడు రూపాలూ గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. తమ్ముడికి అంత పాండిత్యం లేదు. అతని చీటీల్ని అన్న ఎర్రసిరాతో దిద్దని రోజు లేదు.

అక్కడివి పల్లపు నేలలు. పోటు నీరు లోపలికి రాకుండా మట్టిగట్లు, వాటికి తూములు ఉంటాయి. ఆటు సమయంలో తూము తలుపు తెరిచి లోపలి వాననీరు వదులుతారు, పోటు రాకముందే మూసేస్తారు. ఒక పౌర్ణమి సాయంత్రం ఆ తలుపు చెక్క ఊడిపోయింది. కాపలావాడు రొప్పుతూ వచ్చి, "బాబూ, తూము దగ్గర నీరొచ్చేసింది!" అన్నాడు.

తోట దొర ఆ వేళకి తెలుక్ ఆన్సన్‌లో ఉన్నాడు. ఇప్పుడా ఊరి పేరు తెలుక్ ఇంతాన్. అన్న కాగితం తీసి, "ద వాటర్ కేమ్ ఇన్ త్రూ ద స్లూయిస్" అని గుండ్రటి అక్షరాలతో రాసి డ్రైవరు చేత పంపాడు. దొర చదువుకున్నాడు. నీళ్ళు వచ్చాయి, మనవాళ్ళు తలుపు బిగించే ఉంటారు అనుకుని, పొద్దున్నే వస్తానని కబురు పెట్టాడు.

తమ్ముడు లాంతరు పుచ్చుకుని తూము దగ్గరికే వెళ్ళాడు. మోకాలి దాకా ఉన్న నీరు, అతను చూస్తుండగానే తొడ దాకా వచ్చింది. వెనక్కి పరిగెత్తుకొచ్చి ఇంకో చీటీ రాశాడు: "వాటర్ హేజ్ కమ్ ఇన్. స్టిల్ కమింగ్."

"ఒరే, రెండో వాక్యంలో 'ఈజ్' ఏదిరా?" అన్నాడు అన్న.

"తర్వాత దిద్దుదువుగాని అన్నయ్యా, ముందు పంపనీ."

ఆ చీటీ చూడగానే దొర కుర్చీలోంచి లేచాడు. పక్క తోట మనుషుల్ని కూడా లారీలో ఎక్కించి, ఇసుక బస్తాలతో వచ్చి పడ్డాడు. తెల్లారేసరికి గండి పూడింది. అప్పటికే కొన్ని వరసల లేత మొక్కలు ఉప్పునీట మునిగాయి.

అన్నకు మనసు ఒప్పలేదు. "నా వాక్యంలో తప్పేమిటో చూపించండి" అని దొరనే అడిగాడు.

"తప్పేం లేదు. అందుకే నమ్మి అక్కడే కూర్చున్నాను" అన్నాడు దొర.

నీతి: ముందు పనిని చూడు, ఆ తర్వాత క్రియ రాయి.

కాపలావాడి 'వచ్చేసింది'కి ఇంగ్లీషులో రెండు దారులున్నాయి. సింపుల్ పాస్ట్ వాడితే ఆ సంగతి అక్కడితో ముగిసినట్టు. ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ వాడితే దాని ఫలితం ఇంకా మన ముందున్నట్టు. తెలుగులో ఈ తేడా సందర్భమే చెప్పేస్తుంది. 'రోజూ వస్తాను', 'రేపు వస్తాను' రెంటికీ మనకు ఒకే 'వస్తాను' సరిపోవడం లేదూ? మలయ్ భాషలోనైతే కాలాన్ని బట్టి క్రియ అసలు మారదు. అయిపోయిన పనికి ముందు 'సుదాహ్', జరుగుతున్నదానికి 'సెడాంగ్', జరగబోయేదానికి 'అకాన్' చేరుస్తారు. ఇంట్లో తెలుగు, బడిలో మలయ్ మాట్లాడే పిల్లకు ఇంగ్లీషు క్రియ కొత్త బరువే.

అందుకే మలేషియా వీధుల్లో "ఐ ఈట్ ఆల్రెడీ" అన్న మాట వినిపిస్తే నాకు నవ్వు రాదు. అక్కడ 'ఆల్రెడీ' 'సుదాహ్' పనే చేస్తోంది. పని అయిందని గుర్తించిన పిల్లకు 'హేవ్ ఈటెన్' నేర్పడం ఎంతసేపు? నాకు చిరాకు తెప్పించేది మన ఆఫీసు ఈమెయిళ్ళలో కనిపించే "ఐ హేవ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే". నిన్న అని ముగిసిన రోజును చెప్పాక 'సా' చాలు. ఇది రాసేవాళ్ళు పట్టిక బాగా చదివినవాళ్ళే.

2003లో మలేషియా ప్రభుత్వం లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో చెప్పించడం మొదలుపెట్టింది, 2009లో మానేయాలని నిర్ణయించింది. సర్కారు ఎటు తిరిగినా, పనిని చూసి క్రియ రాసే ఈ పాఠం ఇంట్లో చెప్పుకోవచ్చు. పిల్లల చేత పట్టిక అప్పజెప్పించే ముందు వంటింట్లోకి పిలిచి పొయ్యి మీద అన్నం చూపించండి. ఉడుకుతోందా, ఉడికిందా, పొద్దున ఎప్పుడో వండేశామా అని అడగండి. జవాబు వాళ్ళ కళ్ళతో చూసి చెప్పాక, ఆ మూడింటినీ ఇంగ్లీషులో రాయించండి.